గీత గీసే చోట ఉభయపక్షాలూ ఉండాలి

(నియోజకవర్గాల పునర్విభజనపై రాజమహేంద్రవరంలో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

పునర్విభజన అనగానే అది ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య నడుస్తున్న సీట్ల తగాదా అని మనలో చాలామంది అనుకుంటున్నారు. ఆ తగాదా ఉన్నది, దానిపై రాష్ట్రాలు మాట్లాడుతున్నాయి. కానీ ఎన్ని సీట్లు అన్న ప్రశ్న తేలిన తర్వాత మరో ప్రశ్న మిగులుతుంది. ఏ ఊరు ఏ నియోజకవర్గంలోకి వెళుతుంది? ఏ మండలం రెండుగా చీలుతుంది? ఆ గీతను ఎవరు గీస్తారు, ఎవరి ఎదుట గీస్తారు? ఈ రెండో ప్రశ్నను గురించి మన పత్రికలలో గానీ, మన సభలలో గానీ చర్చ దాదాపు లేదు. ఆ కొరత తీర్చడానికే ఈ సదస్సును ఏర్పాటు చేశాము.

ఇప్పుడే ఎందుకు?

1976 నాటి 42వ సవరణ సీట్ల సంఖ్యను స్తంభింపజేసింది. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే తొలి జనగణన వరకు పొడిగించింది. రానున్న జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. మన రాష్ట్ర శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు పెంచాలని 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్‌లో ఉన్నా, అది రాజ్యాంగంలోని 170వ అధికరణకు లోబడినదే. వెంటనే పెంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులై 25న కొట్టివేసింది. కాబట్టి మన వంతు జనగణన తర్వాతనే వస్తుంది.

ప్రతి పునర్విభజనకూ పార్లమెంటు ఒక కొత్త చట్టం చేస్తూ వచ్చింది. 1952లో, 1962లో, 1972లో, 2002లో అలాగే జరిగింది. రాబోయే చట్టంలో కమిషన్ ఎలా ఉండాలో, ఏ సూత్రాలు పాటించాలో రాసే సమయమే మనం నోరు విప్పవలసిన సమయం. తర్వాత విప్పితే ఫలితం స్వల్పం. కమిషన్ ఉత్తర్వు గెజిట్‌లో వెలువడిన క్షణం నుంచి దానికి చట్టబలం వస్తుంది, దానిని న్యాయస్థానంలో ప్రశ్నించరాదని చట్టమే చెబుతున్నది. రాజ్యాంగంలోని 329వ అధికరణ ఇదే మాట అంటున్నది. మేఘరాజ్ కొఠారీ కేసులో 1966లోనే సుప్రీంకోర్టు దానిని ధ్రువపరచింది. ఉత్తర్వు స్పష్టంగా నిరంకుశమైతే పరిశీలించవచ్చునని 2024లో అదే న్యాయస్థానం ఒక చిన్న కిటికీ తెరిచింది. అయితే కిటికీని నమ్ముకొని తలుపు దగ్గర కునుకు తీయడం వివేకం కాదు.

డెల్టా లెక్క

గత పునర్విభజన మన జిల్లాలకు ఏం చేసిందో గుర్తు చేసుకుందాం. 2001 జనగణనలో ఉమ్మడి రాష్ట్ర జనాభా 7.62 కోట్లు, స్థానాలు 294. అంటే ఒక్కో స్థానానికి సుమారు 2 లక్షల 59 వేల మంది. తూర్పు గోదావరి జనాభా 49.01 లక్షలు, భాగిస్తే 19 స్థానాలు. పశ్చిమ గోదావరి జనాభా 38.03 లక్షలు, భాగిస్తే 15. అంతకు ముందు మనకున్నవి 21, 16. ఆ విధంగా 2009 ఎన్నికల నాటికి డెల్టా మూడు స్థానాలు కోల్పోయింది. కడియం, బూరుగుపూడి, ఆలమూరు, అల్లవరం, నగరం, తాళ్లరేవు, సంపర, పెనుగొండ, అత్తిలి అనే పేర్లు శాసనసభ పటం నుంచి తొలగిపోయాయి. రాజమండ్రి రూరల్, రాజానగరం, కాకినాడ రూరల్, మండపేట, నిడదవోలు వంటి పేర్లు వచ్చాయి.

కుటుంబాలు చిన్నవైనందుకు, బిడ్డలు చదువుకోడానికీ కొలువులకూ బయటి ఊళ్లకు వెళ్లినందుకు డెల్టా చెల్లించిన మూల్యం ఇది. 2001 నుంచి 2011 వరకు తూర్పు గోదావరి జనాభా దాదాపు అయిదు శాతం, పశ్చిమ గోదావరి మూడున్నర శాతం మాత్రమే పెరిగాయి. స్థానాలు 175గానే ఉండి 2011 లెక్కలు వర్తించినా, మనకు 34 బదులు 32 దక్కడమే గగనం. 225కు పెరిగితే 41 వరకు రావచ్చు. అంటే ఒక దారిలో పాత నియోజకవర్గాలను కలపాలి, మరో దారిలో విడదీయాలి. ఏ దారిలో వెళ్లినా డెల్టాలోని దాదాపు ప్రతి గీతా చెరిగి మళ్లీ గీయబడుతుంది.

స్థానాల సంఖ్యను లెక్క తేలుస్తుంది, గీతను మాత్రం మనిషి గీస్తాడు. కోనసీమలోని మామిడికుదురు మండలాన్ని చూడండి. ఒకే తహసీల్దారు కార్యాలయం, ఒకే మండల పరిషత్తు. 2008 ఉత్తర్వులో నగరం, పాశర్లపూడి, అప్పనపల్లి వంటి ఊళ్లు గన్నవరం స్థానంలోకి, తక్కిన ఊళ్లు రాజోలు స్థానంలోకి వెళ్లాయి. ఒక మండలానికి ఇద్దరు శాసనసభ్యులు. ఒకరు పనిచేయకపోతే మరొకరి వద్దకు వెళ్లవచ్చు గదా అనవచ్చు. ఆచరణలో ఇద్దరికీ ఆ మండలం శివారుగా మిగిలే ప్రమాదం ఎక్కువ. ఇక్కడ రాజమహేంద్రవరంలోనూ నగరపాలక సంస్థలోని కొన్ని వార్డులు రూరల్ నియోజకవర్గంలో ఉన్నాయి. నగరానికి పన్ను కట్టేవాడు శాసనసభకు గ్రామీణ ఓటరుగా లెక్కకు వస్తున్నాడు. ఇలా ఎందుకు చేయవలసి వచ్చిందో, వేరే మార్గం ఉన్నదో లేదో సామాన్యునికి అర్థమయ్యే భాషలో కారణం చెప్పాలన్న నియమం చట్టంలో లేదు.

గీత ప్రభావం ఎన్నికలతో ఆగదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినపుడు లోక్‌సభ స్థానాలనే ప్రాతిపదికగా తీసుకున్నారు. రాజమహేంద్రవరం కేంద్రంగా ఏర్పడిన నాడు తూర్పు గోదావరి జిల్లా దాదాపుగా రాజమండ్రి లోక్‌సభ స్థానమే. కొవ్వూరు, నిడదవోలు నదికి ఆవలి ఒడ్డున ఉండి కూడా ఈ జిల్లాలోకి రావడానికి మూలం 2008లో గీసిన గీత. పార్లమెంటు సభ్యుడి కోసం గీసిన హద్దు పద్నాలుగేళ్లకు కలెక్టరు కార్యాలయాన్ని, మన మైనారిటీ సంక్షేమ అధికారి ఎక్కడ కూర్చోవాలన్నదానిని కూడా నిర్ణయించింది.

రెండు శాతం వారికి గీతతో పనేమిటి?

ఉభయ గోదావరులలో ముస్లిముల జనాభా రెండు శాతానికి అటూ ఇటూ. ఇంత తక్కువమందికి ఏ గీత గీస్తే ఏమిటని మనవారే అడుగుతున్నారు. హైదరాబాదు పాతబస్తీలో వలె ఇక్కడ మన సంఖ్యాబలంతో ఒక స్థానం గెలవడమన్న ఊహే లేదు. మేము అది కోరడం లేదు. రాజ్యాంగ సభ 1947 ఆగస్టులో మైనారిటీలకు రిజర్వుడు స్థానాలు ఇవ్వడానికి అంగీకరించి, 1949 మేలో ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకున్నది. దానిని తిరగదోడాలనీ మేము కోరడం లేదు.

మేము అడిగేది అంతకంటే చిన్నది, అంతకంటే అవసరమైనది. మన వారు జిల్లా అంతటా సమానంగా చల్లినట్లు లేరు. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, నరసాపురం వంటి పట్టణాలలో కొన్ని మొహల్లాలుగా, కోనసీమలో కొన్ని ఊళ్లుగా దగ్గర దగ్గరగా ఉన్నారు. ఒక మొహల్లా మొత్తం ఒకే నియోజకవర్గంలో, ఒకే వార్డులో ఉంటే, గెలుపోటముల తేడా కొద్ది వేలైన చోట అభ్యర్థి ఆ గడప తొక్కక తప్పదు. డ్రైనేజీ గురించి, ఉర్దూ బడి టీచరు గురించి, ఖబరస్తాన్ ప్రహరీ గురించి మాట ఇవ్వక తప్పదు. అదే మొహల్లాను మూడు ముక్కలు చేస్తే మూడు చోట్లా అది లెక్కలోకి రాదు. ధవళేశ్వరం ఆనకట్ట కింద సేద్యం చేసేవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. నీరు నదిలో ఎంత ఉన్నా, కాలువ ఎటు తవ్వారన్నదాన్ని బట్టే శివారు చేనుకు తడి అందుతుంది.

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ఈ విషయాన్ని నేరుగా ప్రస్తావించింది. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాలలో ముస్లిములు ఎక్కువగా ఉన్న కొన్ని స్థానాలు ఎస్సీ రిజర్వుడుగా ఉండగా, ఎస్సీల శాతం అంతకంటే ఎక్కువగా ఉన్న స్థానాలు జనరల్‌గా మిగిలాయని చూపింది. మరింత హేతుబద్ధమైన పద్ధతి కావాలని సూచించింది. ఈ మాట చెప్పేటప్పుడు మన దళిత సోదరులు అపార్థం చేసుకోరాదు. కోనసీమలో అమలాపురం, రాజోలు, గన్నవరం స్థానాలు ఎస్సీలకు దక్కడం వారి జనాభాను బట్టి వచ్చిన న్యాయమైన హక్కు. వారి స్థానాలలో ఒక్కటి కూడా తగ్గరాదు. చట్టం చెప్పినట్లు వారు అధికంగా ఉన్న చోటనే ఆ స్థానాలు ఉండాలని కోరడం వారికీ మేలే. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టినందుకు 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మనం చూశాము. పేర్లకే అంత మంట రేగిన నేలపై హద్దుల విషయంలో బలహీనులు పరస్పరం తగవులాడుకుంటే లాభపడేది మూడోవాడు.

ఓటు లేని సభ్యులు

ఇక ఇప్పుడున్న పద్ధతిని చూద్దాం. 2002 చట్టం ప్రకారం కమిషన్‌లో ముగ్గురు: సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న లేదా ఉండిన వ్యక్తి అధ్యక్షుడు, ప్రధాన ఎన్నికల కమిషనర్ లేదా ఆయన నియమించే కమిషనర్, రాష్ట్ర ఎన్నికల కమిషనర్. గతసారి జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షత వహించారు. వీరికి తోడు ప్రతి రాష్ట్రం నుంచి అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులు. ఈ పదిమందికి ఓటు లేదు, నిర్ణయంపై సంతకం చేసే హక్కు కూడా లేదు. వీరిని లోక్‌సభ, శాసనసభ స్పీకర్లు సభలోని పార్టీల బలాన్ని దృష్టిలో ఉంచుకొని నియమిస్తారు.

ఈ చివరి వాక్యాన్ని మన రాష్ట్రానికి అన్వయించండి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 39 శాతం ఓట్లు వచ్చాయి, స్థానాలు 11. అయిదుగురు ఎమ్మెల్యేలలో ఆ లెక్కన దాని వాటా ఒకరిలో మూడో వంతు కూడా కాదు. 2019లో తెలుగుదేశానికి కూడా దాదాపు 39 శాతం ఓట్లే వచ్చాయి, స్థానాలు 23. దాని వాటా కూడా ఒక మనిషికి చాలదు. డెల్టాలో సంగతి మరీ స్పష్టం. 2024లో ఉభయ గోదావరుల 34 స్థానాలూ ఒకే కూటమికి దక్కాయి. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న చర్చ మాకు అక్కరలేదు. ప్రతి అయిదుగురిలో ఇద్దరు ఓటేసిన పక్షానికి గీత గీసే గదిలో కుర్చీ లేకపోవచ్చు, ఎవరు గెలిచినా ఓడినవారికి ఇదే గతి. కాబట్టి ఇది ఇరుపక్షాలకూ పట్టవలసిన విషయం.

ఓటు లేని సభ్యత్వం ఎంత బలహీనమో జమ్ము కశ్మీర్ చూపింది. జస్టిస్ రంజనా దేశాయి కమిషన్ 2022లో అక్కడి స్థానాలను 83 నుంచి 90కి పెంచింది. జమ్ముకు ఆరు, కశ్మీర్‌కు ఒకటి. 2011 జనగణనలో కశ్మీర్ జనాభా 68.88 లక్షలు, జమ్ము జనాభా 53.78 లక్షలు. సహ సభ్యులుగా ఉన్న నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీలు అభ్యంతరం చెప్పారు, ఫలితం మారలేదు. 2023లో అస్సాంలో ఎన్నికల సంఘమే స్వయంగా 2001 నాటి లెక్కలతో పునర్విభజన చేసింది. ముస్లిములు నిర్ణాయకంగా ఉన్న స్థానాలు తగ్గాయని అక్కడి ప్రతిపక్షాలు, ముస్లిం సంఘాలు ఇప్పటికీ వాపోతున్నాయి.

ఉభయపక్ష కమిషన్ ఎందుకు, ఎలా?

అధికార పక్షం, ప్రతిపక్షం సమాన సంఖ్యలో, సమాన ఓటుతో కూర్చునే కమిషన్ కావాలన్నది మా ప్రతిపాదన. ఇటువంటివి లోకంలో ఉన్నాయి. అమెరికాలో 1812లో మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెరీ కాలంలో తమ పార్టీకి అనుకూలంగా హద్దులు వంకరలు తిప్పిన నాటి నుంచి ఈ రోగానికి ఆయన పేరే స్థిరపడింది. దానికి మందుగా అరిజోనా ఓటర్లు 2000లో ఇద్దరేసి పార్టీవారు, ఒక స్వతంత్ర అధ్యక్షుడు ఉండే కమిషన్‌ను తెచ్చుకున్నారు. కాలిఫోర్నియా 2008లో పద్నాలుగు మంది పౌరుల కమిషన్‌ను ఏర్పరచింది: అయిదుగురు ఒక పార్టీ, అయిదుగురు మరో పార్టీ, నలుగురు ఏ పార్టీకీ చెందనివారు.

అయితే ఆ దేశం నుంచే రెండు హెచ్చరికలు. 2001లో కాలిఫోర్నియాలో రెండు పార్టీలూ ఏకమై ఉన్న సభ్యుల సీట్లు ఉన్నట్లే భద్రపడేలా గీతలు గీసుకున్నాయి. ఉభయపక్షం అంటే ఉభయులూ పంచుకోవడమని తేలింది. అందుకే అక్కడ మూడో వర్గం అవసరమైంది. ఇక 2025లో టెక్సాస్ మధ్యలోనే హద్దులు మార్చగా, బదులుగా కాలిఫోర్నియా నవంబరులో ఓటర్ల ఆమోదంతో తన పార్లమెంటు స్థానాల విషయంలో కమిషన్ గీసిన పటాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టింది. ఒక రాష్ట్రంలో మాత్రమే నీతి నిలవదని దీని సారం. దేశమంతటికీ ఒకే చట్టం ఉండాలి, మన రాజ్యాంగం ఆ అవకాశం ఇస్తున్నది.

వీటన్నిటినీ దృష్టిలో ఉంచుకొని మేము ఈ సభ ముందు పెడుతున్న కోరికలు ఇవి.

ఒకటి: ఇప్పుడున్న ముగ్గురు స్వతంత్ర సభ్యులను అలాగే ఉంచి, ప్రతి రాష్ట్రానికీ అధికార పక్షం నుంచి ఇద్దరిని, ప్రతిపక్షం నుంచి ఇద్దరిని ఓటు హక్కుతో చేర్చాలి. పక్షాల బలాన్ని సభలోని స్థానాలను బట్టి కాక, ఎన్నికలలో పొందిన ఓట్లను బట్టి లెక్కించాలి. ఏ హద్దు అయినా స్వతంత్ర సభ్యులలో ఇద్దరి, రెండు పక్షాలలో కనీసం ఒక్కొక్కరి సమ్మతి పొందాలి. పీటముడి పడితే స్వతంత్ర సభ్యులు కారణాలు రాసి తీర్పు చెప్పాలి.

రెండు: ఇప్పటి చట్టం భౌగోళిక సామీప్యం, పరిపాలనా హద్దులు, రాకపోకల వసతి, ప్రజల సౌకర్యం వంటివి మాత్రమే చెబుతున్నది. దీనికి తోడు మండలాన్ని, పట్టణ మొహల్లాను, దళితవాడను, మత్స్యకార పల్లెను అనివార్యమైతే తప్ప చీల్చరాదనీ, చీలిస్తే కారణం ప్రకటించాలనీ చేర్చాలి.

మూడు: ముసాయిదా తెలుగులోనూ ఉర్దూలోనూ, పటాలతో, గ్రామం వారీ జనాభా లెక్కలతో ప్రచురించాలి. బహిరంగ విచారణ హైదరాబాదు, విజయవాడలతో సరిపెట్టక, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం, ఏలూరు, రంపచోడవరం వంటి చోట్ల జరపాలి.

నాలుగు: పురపాలక వార్డుల విభజన రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం చేతుల్లో ఉన్నది. కేరళలో స్థానిక సంస్థల పునర్విభజనకు రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన ప్రత్యేక కమిషన్ పనిచేసింది. మన రాష్ట్రంలోనూ అటువంటిది, ఉభయపక్షాల ప్రాతినిధ్యంతో ఏర్పడాలి. రెండు శాతం వారి మాటకు శాసనసభలో కంటే వార్డులో విలువ ఎక్కువ.

రాజకీయ నాయకులకు ఓటు ఇస్తే కమిషన్ కలుషితమవుతుందని కొందరు ఆక్షేపిస్తారు. ఆ భయం నిరాధారం కాదు. కానీ ఇప్పుడు రాజకీయం లేదనుకోవడం అమాయకత్వం. అది తెర వెనుక ఉన్నది. తెర ముందుకు వచ్చి, సంతకం పెట్టి, ప్రత్యర్థి ఎదుట సమాధానం చెప్పుకోవలసి వచ్చిన రాజకీయానికి కొంతైనా సిగ్గు ఉంటుంది.

మన బాధ్యత

ప్రభుత్వాన్ని అడిగి ఊరుకుంటే చాలదు. జనగణన సిబ్బంది వచ్చినపుడు ప్రతి ఇంట్లో ప్రతి మనిషీ నమోదు కావాలి. గల్ఫ్‌లో ఉన్నవారి విషయంలో నిబంధన ఏమిటో తెలుసుకొని చెప్పాలి. ఓటరు జాబితాలో పేర్లు సరిచూసుకోవాలి. ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లా ఏ వార్డులో, ఏ పోలింగు కేంద్రం కింద, ఏ నియోజకవర్గంలో ఉన్నదో ఒక కాగితంపై రాసి ఉంచాలి. ముసాయిదా వచ్చిన రోజున ఆవేశపూరిత వినతిపత్రాలు ఎవరూ చదవరు. ఈ వీధి నుంచి ఆ వీధి వరకు ఇన్ని ఇళ్లు, వీటిని ఇలా కలపవచ్చు, జనాభా లెక్క ఇలా సరిపోతుంది అని పటం చూపిన అర్జీని పక్కన పెట్టడం కష్టం. మన చదువుకున్న యువతకు ఈ పని అప్పగించాలి. ఆ అర్జీలో పక్కనున్న దళితవాడ, మత్స్యకార పల్లె కూడా ఉండాలి. వారి గడప చీలకుండా మనం నిలబడితే మన గడప చీలకుండా వారు నిలబడతారు.

2024లో ఎన్నికైన శాసనసభలో 175 మందిలో ముస్లిములు ముగ్గురు. రాష్ట్ర జనాభాలో మనం ఏడు శాతానికి పైగా ఉన్నాము. ఈ తేడా అంతా గీతల వల్లే వచ్చిందని మేము చెప్పడం లేదు. టికెట్లు ఇచ్చే పార్టీలకు అందులో పెద్ద వాటా ఉన్నది. కానీ టికెట్లను అయిదేళ్లకొకసారి అడిగే అవకాశం వస్తుంది. గీతను అడిగే అవకాశం ఒక తరానికి ఒకసారి. ఇప్పుడు మన పిల్లలు ఓటేస్తున్న హద్దులు 2008 నాటివి. రేపు గీసే హద్దులలో వారి పిల్లలు ఓటేస్తారు.

అందుచేత ఈ నాలుగు కోరికలతో కూడిన తీర్మానాన్ని ఉభయ గోదావరుల ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, ఓడిన అభ్యర్థులకు సైతం అందజేయాలని సభను కోరుతున్నాము. ఓడినవారికి ఇవ్వడం మరవవద్దు. ఉభయపక్ష కమిషన్ విలువ నేడు వారికే బాగా తెలుసు.